వదిన మద్రాసు పోయొచ్చిన ముచ్చట

చెల్లెళ్లూ, పాట వినడానికి వేరే రాష్ట్రం దాకా పోయిన ఆడమనిషిని మీలో ఎంతమంది చూశారు? తిరుపతి అంటే పోతాం, పెళ్లంటే పోతాం, పురుడంటే సెలవు పెట్టి మరీ పోతాం. నచ్చిన పాట కోసం రైలెక్కడం మాత్రం మన లెక్కలోనే ఉండదు. మా వదిన ఎక్కింది. ఒక్కతే. 2019 జూన్ 1, శనివారం సాయంత్రం, నాంపల్లి స్టేషన్‌లో చార్మినార్ ఎక్స్‌ప్రెస్.

వదినది గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగం, అప్పటి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ హెడ్డాఫీసు. కొత్తగా చేరిన రోజుల్లో మధ్యాహ్నం గబగబా డబ్బా తినేసి ఆబిడ్స్ దాకా నడిచేది. కావలసిన పాటలు కాయితమ్మీద రాసిస్తే తొంభై నిమిషాల క్యాసెట్లో రికార్డు చేసిచ్చే దుకాణాలు అప్పుడుండేవి. ఆ చీటీలు ఇప్పటికీ ఆమె బీరువాలో ఉన్నాయి, నేను చూశాను. గుండ్రటి అక్షరాలు, బ్యాంకు లెడ్జరులాగే గళ్లు. సినిమా ఒక గడిలో, సంగీతం ఒక గడిలో, పాడినవారు ఇంకో గడిలో. సాగర సంగమం, స్వాతిముత్యం, అభినందన, గీతాంజలి. మొదటి వరసలో ఇళయరాజా అనీ, బాలు అనీ రాసింది. ఆ కింద ఇక పేర్లు లేవు, ‘పైదే’ అన్నట్టు రెండు చిన్న గీతలు, చీటీ చివరిదాకా.

ఆ ఇద్దరి జత సినిమాల్లోనే మొదలైందనుకుంటారు చాలామంది. కాదు. ఇళయరాజా సినిమాలకు సంగీతం చేయకముందే, మద్రాసులో బాలుగారు నడిపిన పాటకచేరీల ట్రూపులో ఆయన గిటారు వాయించేవారు, తర్వాత హార్మోనియం. అన్న భాస్కర్ తాళవాద్యాలు, తమ్ముడు గంగై అమరన్ గిటారు. అందరూ కుర్రాళ్లే. రాజా మొదటి సినిమా అన్నక్కిళి వచ్చింది 1976లో. ఆ తర్వాతి సంగతి మీకు నేను చెప్పాలా? 1983లో సాగర సంగమానికి, 1988లో రుద్రవీణకు, రెండుసార్లూ సంగీతానికి ఆయనకు, పాటకు ఈయనకు జాతీయ అవార్డులొచ్చాయి. వాళ్లది స్నేహం అనడం కూడా చిన్నమాటే అనిపిస్తుంది నాకు.

అలాంటిది 2017 మార్చిలో, బాలుగారు యాభై ఏళ్ల పాటల పండగ పేరుతో అమెరికాలో కచేరీలు చేస్తుంటే, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దంటూ ఇళయరాజా లాయరు నోటీసు వెళ్లింది. ఆ నోటీసు గాయని చిత్రగారికీ, బాలుగారి అబ్బాయి చరణ్‌కీ కూడా. ఇలా అనుమతి తీసుకోవాలని తెలియదనీ, చట్టాన్ని గౌరవిస్తాననీ, రాజా పాటలు పాడననీ బాలుగారు చెప్పి, మిగతా పాటలతో కచేరీలు సాగించారు. నా మాట చెప్తాను. టికెట్టు పెట్టి నడిపే కచేరీలో పాట కట్టినవారికి వాటా దక్కాలి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించింది కూడా పాట రాసినవాళ్లకీ, బాణీ కట్టినవాళ్లకీ రాయల్టీ అందాలనే. హక్కు అడగడం తప్పు కాదు. కానీ ఆ మాట బాలుగారికి నోటీసుగా వెళ్లేసరికి మన ప్రాణం ఉసూరుమంది, అదీ నిజమే. అన్నదమ్ములు గోడ కట్టుకుంటే ఆడపడుచుకు పుట్టిల్లు ఏ వైపో తెలియనట్టయింది. ఆ తర్వాతి నెల ఏప్రిల్ 1న వదిన బ్యాంకు కూడా ఎస్‌బీఐలో కలిసిపోయింది, గేటు మీద బోర్డు మారింది. ఆ వేసవంతా ఆమె ఇంట్లో పాట పెట్టలేదు.

రెండేళ్లు పోయాక చెన్నైలో కచేరీ అని వార్త. 2019 జూన్ 2, ఇళయరాజా పుట్టినరోజు వేడుక. బాలుగారు పాడతారు, ఏసుదాసుగారూ వస్తారు. సినీ సంగీతకారుల యూనియన్ కోసం కచేరీ. రిహార్సల్లో ఇద్దరూ కావలించుకున్న ఫొటో బయటికొచ్చింది. వదిన ఆ ఫొటో మా అందరికీ పంపింది, కింద ఒక్క ముక్క కూడా రాయకుండా. ఆ రాత్రే నా మేనకోడలి చేత టికెట్టు కొనిపించింది.

‘ఈ ఎండల్లో ఒక్కదానివే ఎందుకు, రెండ్రోజులాగితే యూట్యూబ్‌లో వస్తది గదా’ అన్నాడు మా అన్నయ్య. ‘పాటలు ఎప్పుడైనా వినొచ్చు. వాళ్లిద్దరు ఒక్కదగ్గర నిలబడంగ నా కండ్లతోని చూడాలె’ అంది. అన్నయ్య ఇంకేమీ అనలేదు, స్టేషన్‌కు సామాను మోశాడు.

తెల్లవారుజామున నెల్లూరు వస్తుందని అలారం పెట్టుకుని లేచిందట. బాలుగారు పెరిగిన ఊరు. తిప్పరాజువారి వీధిలో వాళ్ల నాన్న, హరికథలు చెప్పిన సాంబమూర్తిగారి ఇల్లు. ఆ ఇంటిని ఆ తర్వాతి ఏడాది కంచిమఠానికి వేదపాఠశాల కోసం ఇచ్చేశారు. రైలాగిన ఆ కాసేపూ తలుపు దగ్గర నిలబడి టీ తాగింది.

ఆ వేసవి మద్రాసులో నీళ్లకు ఎంత కటకటో గుర్తుందా? చెంబరంబాక్కం చెరువు నెర్రెలిచ్చిన ఫొటోలు దేశమంతా చూసింది. కచేరీ జరిగిన ఈవీపీ ఫిల్మ్‌సిటీ అటువైపే. పాత కొలీగ్ ఇంట్లో దిగి, ఆమెకు మోకాళ్ల నొప్పులైతే, వదిన ఒక్కతే ఆటో మాట్లాడుకుని పోయింది. పక్క కుర్చీలో ఒక తమిళావిడ, ఈమె ఈడుదే. ఈమెకు తమిళం రాదు, ఆవిడకు తెలుగు రాదు. నీళ్ల సీసా మాత్రం ఇద్దరిదీ ఒకటే అయింది. వేదిక దూరం, మొహాలు తెర మీదే కనిపించాయి. బాలుగారు పాట ఎత్తుకోగానే ఆవిడ తమిళంలో, ఈమె తెలుగులో, ఒకే బాణీకి గొంతు కలిపారు. చరణంలో మాటలు మరిచిపోయినచోట వదిన ఊరికే రాగం తీసింది, ఆవిడ చెయ్యి పట్టుకుంది. ‘వాళ్లిద్దర్ని అట్ల చూసినంక ఏడుపాగలేదు, ఏ పాటకు ఏడ్చిన్నో గూడ యాదికి లేదు’ అని నాకు చెప్పింది.

మరుసటి ఏడాది ఆగస్టు 5న బాలుగారు కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరారు. బాలూ, తొందరగా లేచి రా అంటూ ఇళయరాజా మాట్లాడిన వీడియో మీరూ చూసే ఉంటారు. సెప్టెంబర్ 25న పోయారు. ఆ రోజు నేను వెళ్లేసరికి వదిన చీటీలన్నీ మంచమ్మీద పరుచుకుని కూర్చుంది. నన్ను చూసి, ‘నేనైతే పోయొచ్చిన’ అంది. అందులో గొప్ప లేదు, ఊరట ఉంది. ఇంట్లో పనుందనో, ఎండలనో ఆగిపోయి ఉంటే ఆ మాట అనగలిగేది కాదు కదా.

ఇప్పుడు మేనకోడలి వంతొచ్చింది. కొరియా పాటల బృందం బీటీఎస్ కుర్రాళ్లు ఏడుగురూ తమ దేశంలో తప్పనిసరైన సేవ ముగించుకుని మళ్లీ కలిశారట, ప్రపంచమంతా తిరిగి పాడతారట. పిల్ల నసుగుతూ అడిగింది. అన్నయ్య నోరు తెరిచేలోపే వదిన లెక్క మొదలుపెట్టింది: టికెట్టుకు ఎంత, విమానానికి ఎంత, తోడు ఎవరొస్తారు, పాస్‌పోర్టు ఎన్నాళ్లలో వస్తుంది. ఆ కుర్రాళ్ల పేర్లు ఒక్కొక్కటీ అడిగి, పాత అలవాటుకొద్దీ గళ్లు గీసి రాసుకుంటోంది.