ట్యాంకు తీసేసే ముందు

చిట్టీ,

చర్లపల్లిలో ఉద్యోగం కుదిరాక నువ్వు రాత్రి తొమ్మిదైతే గానీ ఇల్లు చేరడం లేదని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మధ్యాహ్నం డబ్బా కూడా సగం తిని తెస్తున్నావట. నాకు కోపం వచ్చింది. పని ఎక్కడికీ పోదు, ముందు అన్నం తిను. సరే, తిట్టింది చాలు. నువ్వు పంపిన రిపోర్టు చదివాను. గనుల యంత్రాల హైడ్రాలిక్ రాడ్లకి హార్డ్ క్రోమ్ ఆపేసి కార్బైడ్ స్ప్రేకి మారదామని రాశావు. మన ఇంటి పిల్ల ఈ మాట రాసిందంటే నాకెంత సంతోషమో నీకు తెలీదు. దాంతోపాటే కొంచెం దిగులు కూడా పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

క్రోమ్ ట్యాంకు పక్కన రోజంతా నిలబడే అవసరం నీకు రాలేదు, రాకూడదు కూడా. బాలానగర్‌లో నేను పనిచేసిన షాపులో లీటరుకి పావుకిలో క్రోమిక్ ఆసిడ్ కలిపిన ద్రావణం 55 డిగ్రీల వేడి మీద ముదురు ఎరుపుగా ఉండేది. ఎంత కరెంటు పంపినా, రాడ్‌కి క్రోమ్ అంటించడానికి పనికొచ్చేది అందులో అయిదో వంతు కూడా ఉండదు. మిగతాది చాలావరకు హైడ్రోజన్ బుడగలు పుట్టించడానికే పోతుంది. బుడగ పైకొచ్చి పగిలినప్పుడల్లా కాస్త ఆసిడ్ తుంపర గాల్లోకి లేస్తుంది. అది పీల్చిన మనిషికి ముక్కు లోపలి అడ్డుగోడ పుండై, చివరికి చిల్లు కూడా పడొచ్చు. మా ట్యాంకు దగ్గర పనిచేసే పెద్దాయనకి అలాగే పడింది. నొప్పి ఉండదు కాబట్టి ఆయన దాన్ని జబ్బే అనుకోలేదు. ఎండలకి ముక్కులోంచి రక్తం వస్తోందనేవాడు. కారణం యజమానికి తెలుసు, ఆయనకి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ ఆసిడ్‌లో ఉండే హెక్సావేలెంట్ క్రోమియం ఊపిరితిత్తుల కాన్సర్ తెస్తుందన్న దాంట్లో ఇప్పుడు సందేహమేమీ లేదు. నాకు ఆ తుంపర ఘాటు ఇప్పటికీ గుర్తే.

దానికి ఒక విరుగుడు వచ్చింది చూడు. తుంపర లేవకుండా ట్యాంకులో పీఎఫ్‌ఓఎస్ అనే మందు కలపడం మొదలుపెట్టారు. తుంపర తగ్గిన మాట నిజమే. కానీ ఆ మందు మట్టిలోనూ నీళ్ళలోనూ ఏళ్ళ తరబడి విచ్ఛిన్నం కాకుండా అలాగే ఉండిపోయే రకం. 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద దాన్నీ కట్టడి చేయాల్సిన పదార్థాల జాబితాలో చేర్చారు. ఒక విషాన్ని ఆపబోయి ఇంకోదాన్ని కాలువలోకి వదిలారమ్మా. నీ రిపోర్టులో ‘పర్యావరణ హితం’ అన్న మాట కనబడ్డ ప్రతిచోటా నాకు ఇదే గుర్తొచ్చింది.

స్ప్రే మంచిదే, కాదనను. ఇంధనాన్నీ ఆక్సిజన్‌నీ కలిపి మండించి, టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని ధ్వని కంటే వేగంగా రాడ్ మీదికి కొడతారు. ఆ పూత క్రోమ్ కంటే గట్టిగా ఉంటుంది. ఉక్కులోకి హైడ్రోజన్ దూరి పెళుసెక్కే భయం లేదు, పూత పూశాక గంటల తరబడి ఓవెన్‌లో కాల్చక్కర్లేదు. విమానాల ల్యాండింగ్ గేర్లకి కూడా వాడుతున్నారు. అంతా బాగుంది. మరి ఆ రాడ్ ఆడే సిలిండర్ బ్యారెల్ లోపలి సంగతేంటి? నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదే! గన్ నుంచి పని వస్తువుకి జానెడో అంతకంటే ఎక్కువో దూరం ఉండాలి, ఎదురుగా కనబడే చోటే పూత పడుతుంది. సన్నని బ్యారెల్ లోపలికి ఆ గన్ పోదు. అలాంటిచోట నికెల్-టంగ్‌స్టన్ ప్లేటింగ్ గురించి ఆలోచించు. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ వాళ్ళు పల్స్ కరెంటుతో ఆ పూత వేసే పద్ధతి మీద చాలా పనిచేశారు. నీకు గంట ప్రయాణం. వెళ్ళి అడుగు, సిగ్గుపడకు. నికెల్ కూడా పాలేం కాదు, దాని నీళ్ళకీ శుద్ధి కావాల్సిందే.

పొడి సంగతీ మర్చిపోయావు. రాడ్‌కి అంటకుండా ఎగిరిపోయే కార్బైడ్ పొడిలో కోబాల్ట్ ఉంటుంది, అది ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుంది. పొడిలో క్రోమియం కలిసి ఉంటే ఆ మంటలో మళ్ళీ కొంత హెక్సావేలెంట్ క్రోమియం పుట్టగలదు. గన్ మోత చెవులు పోగొట్టేంత ఉంటుంది. కాబట్టి మూసి ఉన్న బూత్, మంచి ఫిల్టరు, చెవులకి మఫ్‌లు ఖర్చుల పట్టికలో మొదటి వరసలో వెయ్యి. చివర్లో వేస్తే మొదట కొట్టేసేది వాటినే.

యజమాని ఖర్చు చూసి వెనకాడితే నిరాశపడకు. యూరప్‌లో 2017 సెప్టెంబరు నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా క్రోమిక్ ఆసిడ్ వాడకూడదు. హార్డ్ క్రోమ్‌లోంచి కూడా దాన్ని 2039 నాటికి పూర్తిగా తీసెయ్యాలని కాలిఫోర్నియా 2023లో నిర్ణయించింది. ఎగుమతి చేసే కస్టమర్లు ఈ ప్రశ్న అడగకుండా ఉండరని చెప్పు.

ఇక అన్నిటికంటే నాకు బెంగ ఉన్న విషయం. పాత ట్యాంకులో ద్రావణం ఎటు పోతుంది? రాణిపేటలో మూతబడిన క్రోమేట్ ఫ్యాక్టరీ వ్యర్థాలు గుట్టలుగా మిగిలి, భూగర్భ జలాల్లోకి క్రోమియం దిగింది. ఫ్యాక్టరీ ఆగిపోయినా విషం ఆగలేదు. కాలువలోకి వదిలే నీళ్ళలో హెక్సావేలెంట్ క్రోమియం లీటరుకి 0.1 మిల్లీగ్రాము దాటకూడదని మన నియమం. ఆ ద్రావణాన్ని తోడి, పీహెచ్ 2-3 మధ్య ఉంచి సోడియం మెటాబైసల్ఫైట్ వేస్తే నారింజ రంగు పోయి ఆకుపచ్చగా మారుతుంది. తర్వాత సున్నం వేస్తే మడ్డి అడుగుకి దిగుతుంది. ఆ మడ్డిని దుండిగల్ వ్యర్థాల కేంద్రానికే పంపాలి, రాత్రిపూట ట్యాంకర్ వాడికి కాదు. ట్యాంకుల కింది కాంక్రీటు పగిలి ఉంటే మట్టి పరీక్ష చేయించు, బోరు నీళ్ళు కూడా.

ప్లేటింగ్‌లో ఉన్న వాళ్ళని పంపించేస్తారని నువ్వు ఒక వాక్యంలో రాసి ముందుకెళ్ళిపోయావు. అది నాకు నచ్చలేదు, చిట్టీ. నీకు మనసు లేక కాదని తెలుసు, కొత్తలో అలా దాటిపోతాం. రాడ్ రంగు చూసి కరెంటు ఎక్కడ సరిగ్గా అందలేదో చెప్పగలిగే వాళ్ళు వాళ్ళు. స్ప్రే గన్ పని ముందు వాళ్ళకే నేర్పించమని అడుగు. ట్యాంకు తీసేసేలోగా ప్రతి ఒక్కరికీ ముక్కు, ఊపిరితిత్తుల పరీక్షలు చేయించి, కాగితాలు వాళ్ళ చేతికే ఇప్పించు.

బ్యారెల్ లోపలి కొలతలు రాసి పంపు, ఆదివారం కూర్చుని చూద్దాం. వచ్చేటప్పుడు ఖాళీ కడుపుతో రాకు, అత్తయ్య ఊరుకోదు.

నీ మావయ్య