పంపు విప్పే ముందు చుక్క ఎక్కడిదో చూడండి

సొంత కారు కిరాయికి తిప్పుకునే డ్రైవరుకు బండి షెడ్డులో ఉన్న రోజంటే సంపాదన లేని రోజు. ఈఎంఐ మాత్రం ఆగదు. అందుకే పవర్ స్టీరింగ్ ఆయిల్ కారుతోందని తెలిసినా చాలామంది డబ్బాలో కాస్త కాస్త పోసుకుంటూ నెట్టుకొస్తారు. నిజానికి ఓపిక, చదునైన గట్టి నేల, ఖాళీగా ఒక ఆదివారం ఉంటే పంపు మార్చడం ఇంటి దగ్గర అయ్యే పనే. అందులో స్పానర్ పట్టుకునే భాగం తక్కువ. లీకు ఎక్కడుందో కనిపెట్టడం, చివర్లో గాలి తీయడం, కష్టమంతా ఈ రెండింటిలోనే ఉంది.

మొదట మీ బండికి ఆ పంపు ఉందో లేదో చూసుకోండి. ఇప్పటి స్విఫ్ట్, వ్యాగన్‌ఆర్ లాంటి వాటిలో స్టీరింగుకు సాయం చేసేది కరెంటు మోటారు. వాటిలో ఆయిలూ ఉండదు, పంపూ ఉండదు. బొలెరో, టాటా సుమో, పాత స్కార్పియో, పాత ఇన్నోవా, శాంత్రో జింగ్ వంటివి ఆయిల్‌తో నడిచేవి. ఇంజన్ తిరుగుతుంటే పంపు డబ్బాలోని ఆయిల్ లాగి, ప్రెజర్ పైపు గుండా స్టీరింగ్ రాక్‌కు గానీ గేర్ బాక్సుకు గానీ తోస్తుంది. అది రిటర్న్ పైపులో మళ్లీ డబ్బాకు చేరుతుంది. ఫుల్ కట్ కొట్టినప్పుడు ఆ పైపులో ప్రెజర్ టైరులోని గాలికి ముప్పై రెట్లు దాటుతుంది. ఇంజన్ నడుస్తుండగా లీకు కోసం ఆ పైపును చేత్తో తడమొద్దు. సన్నని ధారగా వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు.

నేను మొదటిసారి పొరబడింది లీకు దగ్గరే. పంపు చుట్టూ తడి చూసి, పంపే పోయిందనుకుని కొత్తది బిగించాను. వారం తిరక్కుండా మళ్లీ తడి. తీరా చూస్తే డబ్బా నుంచి పంపుకు వచ్చే రబ్బరు పైపు క్లిప్పు కింద చిట్లి ఉంది. జానెడు పైపు, రెండు క్లిప్పులతో పోయేదానికి పంపు ఖరీదు పెట్టాను.

అందుకే ఇంజన్ చల్లారాక పంపు, పైపులు, డబ్బా అడుగు అన్నీ డీగ్రీజర్‌తో కడిగి పొడిగుడ్డతో తుడవండి. అనుమానమున్న చోట టాల్కమ్ పౌడర్ చల్లి, ఇంజన్ నడిపించి, వేరే మనిషి చేత స్టీరింగ్ అటూ ఇటూ తిప్పించండి. ఇంజన్ ఆపాక టార్చి వేసి చూస్తే పౌడర్ మొదట ఎక్కడ తడిసిందో అదే లీకు. ఆయిల్ కిందికి కారుతుంది, ఫ్యాన్ గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. కాబట్టి తడిసిన చోట్లన్నిటిలోకీ పైనున్న చోటును, ముందున్న చోటును నమ్మండి. పుల్లీ వెనక నుంచి చిమ్మితే షాఫ్ట్ సీల్ పోయినట్టు. ప్రెజర్ పైపు బోల్టు దగ్గరైతే వాషర్లో, ఓ-రింగో మారిస్తే సరిపోవచ్చు. రాక్ చివర్ల రబ్బరు బూట్లలో ఆయిల్ నిండి ఉంటే లీకు రాక్‌ది, పంపు జోలికి పోవద్దు. కొన్ని ఇంజన్లలో పంపును బెల్టు కాకుండా గేరు తిప్పుతుంది. వాటిలో సీల్ పోతే చుక్క బయటపడకుండానే ఆయిల్ ఇంజన్‌లోకి పోగలదు. అలాంటి పంపును ఇంట్లో విప్పమని నేను చెప్పను.

పంపుదే లీకని తేలితే సీల్ కిట్ వేయాలా, పంపే మార్చాలా? పంపు నుంచి మూలుగు శబ్దం లేకుండా కారడం మాత్రమే ఉంటే, చేయి తిరిగిన మెకానిక్ సీల్ మార్చి నిలబెట్టగలడు. ఆయిల్ మట్టం సరిగా ఉన్నా మూలుగు కూడా మొదలైతే లోపలి రెక్కలు అరిగి ఉండొచ్చు. అప్పుడు పంపు మార్చడమే మేలు. పైకి ఒకేలా కనిపించే పంపుల్లో కూడా పైపు రంధ్రాలు, పుల్లీ కొలతలు తేడాగా ఉంటాయి. పాత పంపు ఫొటో, బండి ఛాసిస్ నంబరు చూపించి కొనండి. పంపుతోపాటు కొత్త వాషర్లు, ఓ-రింగులు, క్లిప్పులు కూడా తీసుకోండి.

ఆయిల్ సంగతి గట్టిగా చెప్పాలి. డబ్బా మూత మీద గానీ బండి పుస్తకంలో గానీ రాసిన రకమే పోయాలి. చాలా బండ్లకు ఏటీఎఫ్ ఆయిల్ సరిపోతుంది, కొన్నింటికి ప్రత్యేకమైనది కావాలి. చేతికి దొరికిందని బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి మొత్తం పాడవుతాయి. చాలా కార్లకు లీటరు అటూ ఇటుగా పడుతుంది. పాతది కడిగేయడానికి కూడా కలిపి రెండు లీటర్లు కొనండి.

ఇక పనిలోకి. బండి ముందు భాగాన్ని జాకీతో లేపి తప్పకుండా రెండు స్టాండ్ల మీద నిలపండి. ఇటుకలు, జాకీ నమ్ముకుని బండి కింద దూరొద్దు. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. ఆల్టర్నేటర్ మీద పాలిథిన్ కవరు కప్పండి, ఆయిల్ పడితే అది పాడవుతుంది. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా పోయిందో ఫొటో తీసుకోండి. పుల్లీ నట్టు విప్పాల్సి వస్తే బెల్టు బిగువుగా ఉండగానే కాస్త వదులు చేయండి. బెల్టు తీశాక పుల్లీ చేతిలో తిరిగిపోతుంటే ఆ నట్టు ఊడదు.

డబ్బాలోని ఆయిల్‌ను పెద్ద సిరంజితో లాగేసి, కింద ట్రే పెట్టి పైపులు విప్పండి. విప్పిన ప్రతి రంధ్రాన్నీ నూలు రాలని శుభ్రమైన గుడ్డతో మూయండి. లోపలికి పోయిన ఇసుక రేణువు కొత్త పంపును తినేస్తుంది. బోల్టుల పొడవులు ఒకేలా ఉండవు. అట్టముక్కకు పంపు ఆకారంలో రంధ్రాలు పెట్టి, ఏ బోల్టును ఆ చోట గుచ్చి పెట్టుకుంటే తర్వాత వెతుక్కోనక్కర్లేదు. పాత ఆయిల్‌లో లోహపు పొడి మెరిస్తే డబ్బా కూడా విప్పి కడగాలి. లోపలి జల్లెడ శుభ్రం కాకపోతే డబ్బానే మార్చాలి. కొత్త పంపు బిగించేటప్పుడు బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, ఆ తర్వాతే స్పానర్ వాడండి.

రిటర్న్ పైపు తప్ప మిగతా పైపులు బిగించాక పాత ఆయిల్ కడిగేయాలి. రిటర్న్ పైపును సీసాలో పెట్టి, డబ్బాకున్న ఆ రంధ్రం మూసి, డబ్బాలో కొత్త ఆయిల్ పోస్తూ ఇంజన్ ఆపి ఉండగానే స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పించండి. సీసాలోకి తేట ఆయిల్ వచ్చాక పైపు బిగించండి.

ఎక్కువమంది పంపును పాడు చేసుకునేది దీని తర్వాతే. పంపు లోపలి భాగాలకు ఆ ఆయిలే తడి. పొడిగా కొన్ని సెకన్లు తిరిగినా గీతలు పడతాయి. అందుకే ఇంజన్ స్టార్ట్ చేయకుండా, చక్రాలు గాల్లో ఉండగానే స్టీరింగును నిదానంగా ఒక ఇరవై సార్లు కొస నుంచి కొసకు తిప్పండి. డబ్బాలో మట్టం తగ్గినప్పుడల్లా పోయండి. బుడగలు ఆగాక ఫొటో చూసి బెల్టు ఎక్కించి, బ్యాటరీ వైరు తగిలించి, స్టార్ట్ చేసి, కొన్ని సెకన్లకే ఆపి మట్టం చూడండి. మళ్లీ స్టార్ట్ చేసి మెల్లగా తిప్పండి. ఫుల్ కట్‌లో ఐదు సెకన్లకు మించి పట్టి ఉంచొద్దు. ఆయిల్ పాలలా తెల్లగా నురగ కట్టిందంటే లోపల గాలి ఉందన్నమాట. ఇంజన్ ఆపి అరగంట వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. ఇక్కడ తొందరపడితే కొత్త పంపు కూడా పాతదానిలాగే మూలుగుతుంది.

పాత బెల్టు ఆయిల్‌లో నానిపోయి ఉంటే తుడిచి వాడొద్దు, మార్చేయండి. పాత ఆయిల్‌ను మోరీలో పారబోయకుండా, వాడిన ఆయిల్ తీసుకునే వర్క్‌షాపులో ఇవ్వండి. పంపు మార్చినంత మాత్రాన వీల్ అలైన్‌మెంట్ అక్కర్లేదు. ఎవరైనా చేయించాలంటే ఎందుకని అడగండి.

కారే పంపుతోనే తిరుగుదామనుకునేవారికి ఒక మాట. వేడి ఎగ్జాస్ట్ మీద ఆ ఆయిల్ పడితే అంటుకునే ప్రమాదం ఉంది. దూరపు కిరాయి ఒప్పుకునే ముందు ఈ పని తెమల్చుకోండి. అదీ ప్రయాణం ముందు రోజు రాత్రి కాదు, కనీసం రెండు రోజుల ముందు. పని అయిన రాత్రి బండి కింద కొత్త అట్టముక్క పరిచి పడుకోండి. తెల్లవారి అట్ట పొడిగా, డబ్బాలో ఆయిల్ గీత దగ్గరే ఉంటే కిరాయికి వెళ్లొచ్చు.