దసరా జ్వరం, డ్రమ్ము నీళ్ళు

ఆరోగ్య ప్రశ్నోత్తరాలు

కోలారు జిల్లా తమక నుంచి ఒక అమ్మ రాసిన ఉత్తరంతోనే ఈసారి శీర్షిక నిండిపోయింది. భర్తకు నరసాపుర ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు. పెద్దవాడికి నాలుగున్నరేళ్ళు, పాపకు ఆరు నెలలు నిండాయి. శ్రీనివాసపురం దగ్గరి పల్లె నుంచి అత్తగారు దసరాకు వచ్చి, దీపావళి దాకా ఉంటానన్నారట. ఆమె అడిగినవి పైకి విడివిడి ప్రశ్నలే. సగం వాటి వెనక మాత్రం ఇంట్లో పట్టిపెట్టుకున్న నీళ్ళున్నాయి. అందుకని వరస కొంచెం మార్చాను.

ప్రశ్న: సెలవుల్లో మావాడికి 103 జ్వరం వచ్చింది. మూడు రోజులు సిరప్ వేస్తే దిగడం, మళ్ళీ ఎక్కడం. నాలుగో రోజు ఒళ్ళు చల్లబడింది. హమ్మయ్య అనుకుని ఆయుధపూజకు వాడి సైకిలుకు వాడి చేతే కుంకుమ పెట్టించాం. సాయంత్రానికి కడుపునొప్పి అన్నాడు, వరసగా వాంతులు. ఆసుపత్రిలో డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు 62 వేలు. సెలైన్ పెట్టి, ఎక్కించాల్సిన పని లేదని పంపేశారు. జ్వరం పోయాక జబ్బు ముదరడం ఏమిటి? బొప్పాయాకు రసం పోద్దామని అత్తమ్మ అన్నారు, నేను వద్దన్నాను. తప్పు చేశానా?

జవాబు: తప్పేం లేదమ్మా. ఆ సాయంత్రం బిడ్డను ఎత్తుకుని వెళ్ళారు చూడండి, అదే అసలు వైద్యం. డెంగీలో భయపడాల్సింది జ్వరం కాస్తున్న రోజుల్లో కాదు, దిగుతున్న రోజున. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, సరిగ్గా ఒళ్ళు చల్లబడే వేళకు, సన్న రక్తనాళాల గోడలు వదులవుతాయి. రక్తంలోని నీటి భాగం కడుపులోకి, ఊపిరితిత్తుల చుట్టూ ఊరిపోతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడి ఒంటికి చాలదు. ఈ గండం 24 నుంచి 48 గంటలు ఉంటుంది. అది గడిస్తే బయటికి పోయిన నీరు మళ్ళీ రక్తంలోకి చేరుతుంది, పిల్లవాడు అన్నం అడుగుతాడు.

కాబట్టి జ్వరం దిగాక బిడ్డ ఎలా ఉన్నాడన్నదే చూడాలి. ఆడుకుంటూ, తాగుతూ, ఆరు గంటలకొకసారైనా మూత్రం పోస్తుంటే ఇంట్లో ఉంచొచ్చు. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలోనో ముక్కులోనో రక్తం, చల్లబడిన చేతులు కాళ్ళు, మత్తుగా పడి ఉండటం లేదా ఊరికే చిరాకుపడి మెలికలు తిరగడం, వీటిలో ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా బయలుదేరాలి. తమకలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి నడిచి పోయేంత దూరంలో ఉంది, ఆ అదృష్టం జిల్లాలో చాలా పల్లెలకు లేదు.

ప్లేట్‌లెట్ల సంగతి. మనవాళ్ళు ఫోన్లలో ఒకరికొకరు చెప్పుకునే అంకె అదొక్కటే. డాక్టరు చూసే అంకె ఇంకొకటుంది, హెమటోక్రిట్. రక్తం ఎంత చిక్కబడిందో అది చెబుతుంది, సెలైన్ ఎంత పోయాలో దాన్నిబట్టే తేలుతుంది. రక్తస్రావం లేనప్పుడు ప్లేట్‌లెట్లు 10 వేల కిందికి దిగితే తప్ప ఎక్కించే అవసరం సాధారణంగా రాదు. బొప్పాయాకు రసంతో ఆ సంఖ్య కాస్త త్వరగా పెరిగిందని చెప్పే చిన్న అధ్యయనాలున్నాయి. నీరు ఊరిపోవడాన్ని అది ఆపుతుందన్న రుజువు మాత్రం లేదు. అసలే వాంతులవుతున్న పిల్లవాడికి ఆ చేదు పోస్తే ఉన్న మజ్జిగ కూడా కక్కేస్తాడు. అత్తగారితో ఈ ఒక్క మాట చెప్పండి, నొచ్చుకోరు. ఆవిడ కాచే పలచని రాగి అంబలి, మజ్జిగ, లేత టెంకాయ నీళ్ళు, ఓఆర్ఎస్, ఇవి ఆ రోజుల్లో మంచివే.

సిరప్ గురించి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. పారాసిటమాల్ ఒక మోతాదు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. అంటే 15 కిలోల పిల్లవాడికి 150 నుంచి 225. బజారులో 5 మి.లీ.లో 120 లేదా 125 ఉండే సీసా ఉంది, 250 ఉండేదీ ఉంది, రంగూ పెట్టే ఒకేలా కనిపిస్తాయి. పాపకిచ్చే చుక్కల మందు ఇంకా గాఢం, ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది. "పోయినసారి ఒక మూత పోశాం" అన్న లెక్క పనికిరాదు, సీసా మీద చదివి పోయాలి. ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగు సార్లు మించకుండా. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ముట్టుకోవద్దు, రక్తస్రావం పెంచుతాయి.

ప్రశ్న: మా ఇంటి చుట్టూ మురికి కాలువ కూడా లేదు. ట్యాంకర్ నీళ్ళు డ్రమ్ముల్లో, తొట్టిలో పట్టుకుని మూతలు పెడతాం. దోమలు ఎక్కడివి?

జవాబు: ఆ డ్రమ్ముల్లోవే. డెంగీ దోమకు మురికి నీళ్ళతో పనిలేదు, మీరు తాగే నీళ్ళే కావాలి. ఏడాది పొడుగునా పారే నది కోలారు జిల్లాకు లేదు. పాలారు ఉందంటే ఉంది, ఇసుకే ఎక్కువ కాలం కనిపిస్తుంది. బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. నీళ్ళు వచ్చిన రోజున ఇంట్లో ఉన్న బిందెలన్నీ నింపుకోవడం మన నేల నేర్పిన బుద్ధి, దాన్ని తప్పుపట్టలేం. దోమ కూడా ఆ బుద్ధిమీదే బతుకుతోంది. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. మీ ట్యాంకర్ వారానికోసారి. లెక్క సరిపోయిందా?

డ్రమ్ము అడుగున నాలుగు చెంబులు మిగిలి ఉండగానే కొత్త నీళ్ళు పట్టేస్తాం, అక్కడ వస్తుంది చిక్కు. గుడ్లు నీళ్ళలో కాదు, నీటి గీతకు కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి, నీళ్ళు తగలగానే పగులుతాయి. కాబట్టి ట్యాంకర్ వచ్చే ముందు రోజు డ్రమ్మును పూర్తిగా వంచి, లోపలి గోడను కొబ్బరి పీచుతో గట్టిగా తోమాలి. ఊరికే తొలిస్తే గుడ్లు ఊడవు. ఒరిగిన మూత కంటే పాత పంచె గుడ్డ కప్పి అంచుకు సైకిలు ట్యూబు ముక్క బిగించడం నయం. సంపు మూత పక్క సందులూ, ఫ్రిజ్ వెనక నీటి పళ్ళెమూ చూడండి. బొమ్మల కొలువులో పిల్లలు మెంతులు, రాగులు మొలకెత్తించి పార్కు కట్టి, పళ్ళెంలో చెరువు చేస్తారు కదా. కొలువు ఎత్తేసినా ఆ పళ్ళెం ఏ మూలో మిగిలి ఉంటుంది, దాన్నీ వెతకండి. ఆశా కార్యకర్త వచ్చి తొట్టిలో టార్చి వేసి చూస్తానంటే విసుక్కోకండి. 2024లో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధుల చట్టం కిందికి తెచ్చి, దోమలు పెంచే ఇళ్ళకు జరిమానా కూడా పెట్టింది.

మీ ఇంట్లో ఇంకో సంగతి. ఈ దోమ పగలు కుడుతుంది, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం చీకటి పడేముందు. మీవారు రాత్రంతా పనిచేసి పగలు నిద్రపోతారు. పాప కూడా పగలే ఎక్కువ నిద్రపోతుంది. దోమతెర కట్టాల్సింది ఆ ఇద్దరికి, అదీ పగలు. చిన్నపాప ఉన్న గదిలో చక్ర బత్తి పొగ వద్దు. డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. మీవాడికి వచ్చింది ఒకటి, ఇంకో రకం రెండోసారి వస్తే మొదటిదానికంటే తీవ్రంగా ఉండొచ్చు. "ఒకసారి వచ్చి పోయింది" అని డ్రమ్ములు మరిచిపోవద్దు.

ప్రశ్న: వాడి పాలపళ్ళ మీద తెల్ల మచ్చలున్నాయి. అత్తమ్మ పళ్ళు గోధుమరంగు. ఫ్లోరైడేనా? పాపకు బోరు నీళ్ళు బాగా కాచి ఇస్తే చాలా?

జవాబు: అత్తగారివి ఫ్లోరైడ్ పళ్ళే కావచ్చు, మన జిల్లాలో లోతు బోర్ల నీళ్ళు తాగి పెరిగినవాళ్ళలో అది మామూలే. వాడివి వేరేగా ఉండొచ్చు. పాలపళ్ళ మీద, ముఖ్యంగా చిగురు పక్కన కనిపించే తెల్ల మచ్చ చాలాసార్లు పుచ్చు మొదలు. రాత్రి సీసా పాలతో నిద్రపుచ్చుతున్నారా? పళ్ళ డాక్టరుకు చూపించండి.

ఫ్లోరైడ్ దెబ్బ ప్రధానంగా శాశ్వత దంతాల మీద పడుతుంది. ఆరేడేళ్ళకు మొలిచే ముందు పళ్ళు ఇప్పుడు చిగురు లోపల తయారవుతున్నాయి. జాగ్రత్త పడాల్సిన వయసు ఇదే, పాపకు ఇంకా ఎక్కువ. కాచడం వల్ల క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. తాగడానికీ, వంటకూ ఆర్ఓ నీళ్ళు వాడండి, పాపకు అవే కాచి చల్లార్చి ఇవ్వండి. క్యాను నీళ్ళు "టీడీఎస్ తక్కువ" అని చూపించే పెన్ను ఫ్లోరైడ్‌ను చూపదు. లీటరుకు 1 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. మీ బోరు నీళ్ళు జిల్లా నీటి పరీక్ష ల్యాబులో ఒకసారి చూపించుకోండి. పేస్టు పిల్లవాడికి బఠానీ గింజంత, ఉమ్మేలా దగ్గరుండి చూడాలి.

నీళ్ళ మాట వచ్చింది కనుక ఇంకొకటి. కె.సి. వ్యాలీ పథకంతో 2018 నుంచి మన చెరువులు నిండుతున్నాయి, సంతోషమే. అవి బెంగళూరు మురుగును శుద్ధి చేసి పంపిన నీళ్ళు, భూగర్భ జలం పెరగడానికి. ఆదివారం గట్టుమీద కూర్చుని చూడండి, పిల్లవాణ్ణి దిగనివ్వద్దు. లోతు తెలియని చెరువు ఎంత ప్రమాదమో, చెరువులు ఎండి ఉన్న ఏళ్ళలో పుట్టిన పిల్లలకు తెలియదు.

ప్రశ్న: పాపకు రాగి సరి మొదలుపెట్టమంటున్నారు. కొలువు గుగ్గిళ్ళు నలిపి పెట్టొచ్చా? తేనె నాకించొచ్చా?

జవాబు: రాగి సరికి నా ఓటు. వంద గ్రాముల రాగుల్లో 350 మి.గ్రా.కు అటూఇటూగా కాల్షియం ఉంది. మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, విసిరి, పలుచని గుడ్డలో జల్లించే అత్తగారి పద్ధతే సరైనది. మొలకెత్తిస్తే కాల్షియం, ఐరన్ ఒంటికి బాగా పడతాయి. చెంచా వంచితే మెల్లగా జారేంత చిక్కగా ఉండాలి, నీళ్ళలా వద్దు. కొంచెం నెయ్యి వేయండి. ఏడాది నిండేదాకా ఉప్పు, బెల్లం అక్కర్లేదు. తేనె వద్దే వద్దు, అందులో ఉండే ఒక క్రిమి పసికందుల నరాలను పట్టేస్తుంది. తల్లిపాలు మానొద్దు. అంగన్‌వాడీలో ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు వేయండి.

గుగ్గిళ్ళు మెత్తగా మెదిపి, పొట్టు తీసి పెడితే సరే. గింజ గింజగా మాత్రం మీ పెద్దవాడికి కూడా ఇప్పుడే వద్దు. పరుగెడుతూ నోట్లో వేసుకున్న శనగ, వేరుశనగ గింజ ఊపిరితిత్తిలోకి పోతుంది. అనపకాయల కాలం వచ్చేసరికి పాపకు ఎనిమిది నెలలవుతాయి. పితికిపప్పు ఉడికించి మెదిపి పెట్టండి. రాగి ముద్దను నమలకుండా మింగే మన విద్య పాప తర్వాత నేర్చుకుంటుంది.

ప్రశ్న: బండి మీద అందరం అంతరగంగకు పోయాం. అరటిపండు లాక్కుంటూ కోతి వాడి చేతిని గీరింది, కొంచెం రక్తం వచ్చింది. పసుపు పెట్టాం. చాలా?

జవాబు: చాలదు. ఎన్ని రోజులైనా సరే, ఈ పత్రిక పక్కన పెట్టి రేబిస్ టీకాకు వెళ్ళండి. కోతి గీరినా కుక్క కరిచినా వైద్యం ఒకటే. సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి, టీకా ఆ రోజే మొదలవ్వాలి. రక్తం వచ్చిందంటే గాయం చుట్టూ వేసే ఇమ్యూనోగ్లోబులిన్ కూడా కావాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మొదటి సూది తర్వాత నొప్పి తగ్గిందని మిగతావి ఎగ్గొట్టకూడదు.

అందరం అంటే నలుగురూ ఒకే బండి మీదనా? ఆయుధపూజకు బండికి గుమ్మడికాయ కొట్టి, పిల్లవాణ్ణి హెల్మెట్ లేకుండా పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టడం నాకెప్పుడూ అర్థం కాదు. నాలుగేళ్ళు దాటినవాళ్ళకు హెల్మెట్ తప్పనిసరి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు హెల్మెట్‌తో పాటు నడిపేవారికి కట్టే బెల్టు, 40 కిలోమీటర్ల లోపు వేగం, ఈ కేంద్ర నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది.

ప్రశ్న: దీపావళికి టపాసులు?

జవాబు: డెంగీ నుంచి తేరుకున్న పిల్లవాడు కొన్ని వారాలు నీరసంగానే ఉంటాడు, పొగలో నిలబెట్టకండి. పాపను లోపలి గదిలో ఉంచండి. చిచ్చుబుడ్డి వెలగలేదని వంగి చూడటం పెద్దవాళ్ళే ఎక్కువ చేస్తారు. కాకరపువ్వొత్తి కాలిపోయాక మిగిలే ఎర్రటి కడ్డీని పక్కనే ఉంచిన బకెట్ నీళ్ళలో వేయండి. కాలితే ఆ చోటును మామూలు నీళ్ళ ధార కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. ఐసు, పేస్టు, ఇంకు, పిండి ఏదీ వద్దు. బొబ్బలు చిదమకండి. కంట్లో మందుపొడి పడితే నలపకుండా శుభ్రమైన నీళ్ళతో కడగండి. కంటికి దెబ్బే తగిలితే కడగకండి, ఒత్తకండి. కన్నుకు ఆనకుండా ఒక కాగితపు కప్పును అడ్డం పెట్టి కట్టి తీసుకెళ్ళండి.