భయానికి కాషన్ ఆర్డర్

మన బిలాస్‌పూర్ లింగియాడీహ్‌లో తెల్లారకముందే సైకిళ్లేసుకుని బయల్దేరే పిల్లలు ఇప్పుడు వీధికి ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే ట్రయథ్లాన్ మీద మోజు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌తో ఆ పోటీల్లోకి వచ్చిన ఆట ఇది. అక్కడి లెక్క కిలోమీటరున్నర ఈత, 40 కి.మీ. సైకిల్, 10 కి.మీ. పరుగు. మన తెలుగు రైల్వే ఇళ్ల పిల్లలూ ఇందులో ఉన్నారు. "తాతగారూ, రాత్రిళ్లు ఇంజనెక్కి అడవుల్లోంచి పోయేవారు కదా, భయం వేసేది కాదా?" అని అడుగుతారు. వేసేది. రిటైరయ్యాక ఈ పిల్లలతో కొలనులో దిగినప్పుడూ వేసింది. అందుకే ఈ నాలుగు మాటలు.

1. భయం ఎక్కడుందో కిలోమీటరుతో సహా చెప్పాలి. బండి తీసేముందు లోకో పైలట్ చేతికి కాషన్ ఆర్డర్ ఇస్తారు. ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా ఇంతకు మించి వేగం పోవద్దు, కారణం ఇది అని అందులో ఉంటుంది. వంతెన పని కావచ్చు, పట్టాల కింద మట్టి మెత్తబడి ఉండొచ్చు. అంతేగానీ దారి పొడుగునా భయపడమని ఎవరూ రాసివ్వరు. "నాకు రోడ్డంటేనే భయం" అన్న కుర్రాడి చేతిలో నేను కాగితం పెట్టి రాయమంటాను. రాస్తే తేలేది మహా అయితే ఒక మలుపు, ఒక సందులో కుక్కలు, కొలనులో లోతు ఎక్కువున్న మూల. మిగతా దారిలో హాయిగా వెళ్లొచ్చు.

2. కొన్ని భయాలు పోగొట్టుకోకూడదు. మన అర్పా నది ఎండాకాలంలో ఇసుక మేట, వానాకాలంలో నిండు నది. ఇసుక తవ్వేసిన గుంటలు నీళ్లొచ్చాక పైకి కనపడవు. 2023 వానాకాలంలో సేందరీ దగ్గర అలాంటి గుంటలోనే ముగ్గురు ఆడపిల్లలు మునిగి చనిపోయారు. ధైర్యం పెంచుకోవడానికి అర్పాలో దిగుతామనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, వద్దు. రతన్‌పూర్ అవతల ఖూటాఘాట్ జలాశయం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అనుమతి, పడవ, ఒడ్డున ఈతొచ్చిన మనిషి, ఈ మూడూ లేకుండా అందులోనూ దిగకండి. కోట్మీ సోనార్ మొసళ్ల చెరువు మనకెంత దగ్గరో కూడా గుర్తుంచుకోండి.

3. నీళ్ల భయంలో సగం ఊపిరి భయం. ఇది మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. కొలనులో చక్కగా ఈదే పిల్లాడు గోవా సముద్రంలో దిగి పది బారలు వేయగానే గాబరా పడిపోతాడు. అక్కడ 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 ట్రయథ్లాన్ పోటీలో సముద్రంలో 1.9 కి.మీ. ఈదాలి. కింద నేల కనపడదు, పట్టుకోవడానికి గోడ ఉండదు, పక్కవాడి కాలు మొహానికి తగులుతుంది. భయంతో గబగబా పైపై ఊపిరి పీలుస్తాడు. లోపలున్న గాలిని పూర్తిగా వదలడు. ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది, ఊపిరాడనట్టు అనిపిస్తుంది, దాంతో ఇంకా గబగబా పీలుస్తాడు. దీనికి విరుగుడు నీటిలో మొహం పెట్టి బుడగలు బుడగలుగా గాలంతా వదలడం. అదీ కుదరకపోతే వెల్లకిలా తిరిగి తేలుతూ, దమ్ము కుదురుకున్నాకే మళ్లీ మొదలుపెట్టడం. ఆగితే ఓడినట్టు కాదు.

ఇదంతా కొలనులోనే నేర్చుకోవచ్చు. ఒకే లేన్‌లో ముగ్గురు పక్కపక్కన తోసుకుంటూ ఈదండి. గోడ ముట్టుకోకుండా మధ్యలోనే మళ్లండి. కళ్లు మూసుకుని నాలుగు బారలు వేసి, ఎంత పక్కకు పోయారో చూసుకోండి. కొన్ని బారలకోసారి తలను కళ్ల వరకే పైకెత్తి ఎదుటి గుర్తు చూడ్డం అలవాటు చేసుకోండి. పోటీ రోజున గుంపులో దూరకుండా ఓ పక్కన నిలబడి, అందరూ వెళ్లాక దిగండి. అర నిమిషం పోతే పోయింది.

సామర్లకోటకు చెందిన గోలి శ్యామలగారి కథ మన పిల్లలకి చెప్పదగ్గది. నీళ్లంటే ఉన్న భయం పోవాలనే ఆవిడ నడివయసులో ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో, 48 ఏళ్ల వయసులో, శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధిని ఈదారు. పదమూడు గంటలకు పైగా పట్టింది. 2025 జనవరిలో విశాఖ నుంచి కాకినాడ దాకా దాదాపు 150 కి.మీ. రోజుల తరబడి ఈది ముగించారు. ఇలాంటి ఈతల్లో పక్కనే పడవ వస్తూ ఉంటుంది. పేపర్లో వేసే ఫొటోలో అది కనపడదంతే.

4. కుక్క వెంటపడితే సైకిల్ తొక్కి పారిపోవద్దు. దిగండి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్య అడ్డం పెట్టి మెల్లగా నడవండి. పరిగెత్తేవాటిని తరమడమే దాని పని. కరిచినా గీరినా సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు సూది వేయించుకోండి. పసుపు, కారం పూయడం లాంటి వైద్యాలు వద్దు.

5. సీపత్ రోడ్డు లారీల భయం న్యాయమైనదే. అటు 2,980 మెగావాట్ల ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రం ఉంది. బూడిద, బొగ్గు లారీలు పక్కనుంచి దూసుకుపోతే ఆ గాలికే సైకిల్ ఊగుతుంది. వెనక ఎర్రలైటు లేకుండా, చెవుల్లో పాటలు పెట్టుకుని ఆ రోడ్డెక్కేవాడిది ధైర్యం కాదు, మొండితనం. పరుగెత్తేవాళ్లు కుడివైపున, ఎదురొచ్చే బండ్లు కనపడేలా వెళ్లండి.

6. ఆడపిల్లల భయం వేరు. చీకట్లో వాళ్లు కుక్కకంటే మనిషికి ఎక్కువ జడుస్తారు. "ధైర్యంగా ఉండమ్మా" అని ఊరికే చెప్పేసే పెద్దలంటే నాకు ఒళ్లుమంట. జంటగా పంపండి, వీలైతే మీరూ వెళ్లండి. వీధిలైటు వెలగకపోతే మున్సిపాలిటీకి అర్జీ పెట్టాల్సింది మనం.

7. భయం వేయని చోటే నాకు ఎక్కువ దిగులు. మే నెల ఎండలో పరుగెత్తేటప్పుడు మాట తడబడినా, చెమట ఆగిపోయినా నీడకు చేరి ఒళ్లు తడపాలి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఉరుము వినపడితే కొలను వదిలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగొద్దు. ఇక గుండె సంగతి. అమెరికాలో 1985 నుంచి 2016 దాకా ట్రయథ్లాన్ పోటీల్లో జరిగిన 135 మరణాలు, గుండె ఆగిన ఘటనలు లెక్కతీస్తే 90 ఈతలోనే. బాధితుల్లో ఎక్కువమంది మగవాళ్లు, సగటు వయసు నలభై ఏడుకు దగ్గర. కాబట్టి నలభై దాటిన తండ్రులారా, పిల్లలతో పోటీపడి దిగేముందు గుండె పరీక్ష చేయించుకోండి. ఒంటరిగా ఈదకండి. బయల్దేరేటప్పుడు ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి.