ముసలి కుక్కతో నడక

వ్యక్తిత్వ వికాసం పేరుతో మన దగ్గర అచ్చయ్యే పుస్తకాల్లో చాలావరకు వేగం గురించే చెబుతాయి. తెల్లవారుజామున లేవాలి, లక్ష్యం రాసుకోవాలి, పక్కవాడికంటే ముందుండాలి. వేగం అవసరం లేదని నేననను. పోటీ పరీక్షలు రాసే పిల్లలకు ఆ మాటలు పనికొస్తాయి కూడా. అయితే తనతో సమానంగా నడవలేని ప్రాణి పక్కన ఉన్నప్పుడు మనిషి ఏం చేస్తాడన్న ప్రశ్న ఆ పుస్తకాలకు తట్టినట్టు లేదు. మనిషి స్వభావం ఎక్కువగా బయటపడేది అక్కడేనని నా అభిప్రాయం. ఓర్పు అంటే పళ్ళు బిగించి భరించడం అనుకుంటాం. నిజానికి అవతలి ప్రాణికి పట్టే సమయాన్ని బట్టి మన రోజును సర్దుకోవడమే ఓర్పు. అది మనసుకు సంబంధించిన గుణం అనడంకంటే గడియారానికి సంబంధించిన పని అనడం మేలు. కోవిడ్ రోజుల్లో ముసలి కుక్క ఉన్న ఇళ్లలో ఈ తేడా స్పష్టంగా బయటపడింది.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు మా నంద్యాల ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. ఏప్రిల్‌లో రాష్ట్రంలో కేసులు ఎక్కువగా నమోదైన జిల్లాల్లో కర్నూలు ఒకటి. మరుసటి ఏడాది మే 5 నుంచి రాష్ట్రమంతటా మధ్యాహ్నం పన్నెండు గంటలకు కర్ఫ్యూ మొదలయ్యేది. ఉదయం ఆరింటి నుంచి పన్నెండు వరకే సడలింపు. కోవిడ్‌కు ముందు ఇంట్లోని కుక్క ఎప్పుడు లేస్తోందో, ఎటు తిరుగుతోందో ఇంట్లోవాళ్లకు సరిగ్గా తెలిసేది కాదు. అందరూ ఇంటిపట్టున ఉండేసరికి దాని వయసు కంటబడింది. లేవగానే వెనక కాళ్లు బిగుసుకుపోతున్నాయి. కంటిపాప మీద నీలిరంగు పొర కనిపిస్తోంది. పిలిస్తే పలకనిది పొగరుతో కాదు, చెవుడుతో. ఇక మన ప్రాంతపు ఇళ్లలో పరిచే బేతంచెర్ల నాపరాళ్లు నున్నగా ఉంటాయి. కీళ్లు అరిగిన కుక్క వాటి మీద జారుతుంది. అది నడిచే దారిలో గోనెసంచో పాత జంపఖానానో పరిస్తే సగం బాధ తీరుతుంది. పైసా ఖర్చు లేని ఈ ఉపాయం తట్టాలంటే ముందు అది జారుతోందని ఎవరో ఒకరు గమనించాలి.

కుక్కకు ఒక ఏడాది మనిషికి ఏడేళ్లతో సమానమన్న లెక్క చాలామందికి కంఠోపాఠం. అది తప్పు. డీఎన్‌ఏ మీద వయసుతో పాటు మారే రసాయన గుర్తులను శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 104 లాబ్రడార్లలో పరిశీలించి, 2020 జులైలో ఫలితాలు ప్రచురించారు. వారి లెక్క ప్రకారం ఏడాది లాబ్రడార్ సుమారు ముప్పై ఏళ్ల మనిషితో, నాలుగేళ్లది యాభై మూడేళ్ల మనిషితో, పన్నెండేళ్లది డెబ్బై ఏళ్ల మనిషితో సరితూగుతుంది. అంటే పరుగులాంటి యవ్వనం చప్పున ముగుస్తుంది, ఆ తర్వాతి దశ చాలాకాలం సాగుతుంది. ఇది ఒక్క జాతి మీద చేసిన పని, నాలుగేళ్ల కుక్క చతికిలబడుతుందని దాని అర్థం కూడా కాదు. అయినా నాకు ఇందులో ఒక సంగతి కనిపిస్తుంది. కుక్కపిల్లను తెచ్చుకుని మురిసిపోయే కుటుంబం నిజానికి ఇంటికి తెచ్చుకుంటున్నది ఎక్కువ కాలం నడివయసులోనో వృద్ధాప్యంలోనో గడిపే ప్రాణిని. పిల్లతనం ఆ ఒప్పందంలో చిన్న భాగం.

కొండలెక్కడం, అడవిబాట పట్టడం లాక్‌డౌన్ సడలించాక చాలామందికి కొత్త ఉత్సాహమైంది. నంద్యాల జిల్లా ఆళ్లగడ్డకు దగ్గర్లోనే అహోబిలం ఉంది. భవనాశిని ఒడ్డున రాళ్ల మీదుగా జ్వాలా నరసింహస్వామి గుడికి, అక్కణ్ణుంచి ఉగ్రస్తంభానికి ఎక్కే దారి మోకాళ్లు గట్టిగా ఉన్నవారికే పరీక్ష. అక్కడికి కుక్కను తీసుకెళ్లకూడదు, అది ముసలిదైనా పిల్లదైనా సరే. ఆ దారి సాగే నల్లమల అడవి పులుల అభయారణ్యం. ఊరి కుక్కల నుంచి అడవి జంతువులకు డిస్టెంపర్ లాంటి జబ్బులు సోకుతాయి. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో డిస్టెంపర్ వైరస్ సింహాలను బలి తీసుకున్న సంగతి మరవకూడదు. చిరుతకు కుక్క ఆహారమన్న భయం దీనికి అదనం. కాబట్టి నంద్యాలవాసికి కుక్కతో నడక అంటే కుందూ ఒడ్డు, కేసీ కాలువ గట్టు, పొలాల మధ్య మట్టిబాట. అంతకుమించి అక్కర్లేదు. వేసవిలో ఇక్కడ ఎండ నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలు దాటుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ప్రధానంగా రొప్పడం ద్వారా ఒంట్లో వేడి తగ్గించుకుంటుంది. ముసలిదానికి ఆ శక్తి ఇంకా తక్కువ. తారురోడ్డు కాలకముందే బయల్దేరాలి, అది ఆగిన చోట ఆగాలి, అది వెనుదిరిగితే మనమూ తిరగాలి. మొబైల్‌లో అడుగులు లెక్కబెట్టుకునేవాడికి ఇది నడకే కాదనిపించవచ్చు.

ఇలాంటి నడక ఒకటి మన భారతంలోనే ఉంది. మహాప్రస్థానంలో పాండవులు, ద్రౌపది ఉత్తర దిక్కుగా కొండల్లో నడిచిపోతుంటే వెంట ఒక కుక్క వెళ్తుంది. ద్రౌపది పడిపోతుంది, తమ్ముళ్లు ఒకరి తర్వాత ఒకరు పడిపోతారు. ధర్మరాజు వెనక్కి చూడకుండా సాగిపోతాడు. చివరికి ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను విడిచిపెట్టి ఎక్కమంటే ఒప్పుకోడు. ఈ కథను మనం కుక్క విశ్వాసం గురించిన కథగా చెప్పుకుంటాం కానీ, అసలు పట్టు ఇంద్రుడి ఆక్షేపణలో ఉంది. భార్యను, తమ్ముళ్లను వదిలి వచ్చినవాడివి కుక్కను వదలలేవా అని అడుగుతాడాయన. న్యాయమైన ప్రశ్నే. చనిపోయినవారిని బతికించే శక్తి తనకు లేదని, బతికి ఉండి తనను నమ్ముకున్నదాన్ని విడవడం మాత్రం వేరే సంగతని ధర్మరాజు వాదిస్తాడు. ఆ కుక్క ధర్మదేవత అని అప్పటికి ఆయనకు తెలియదు. తెలిసి ఉంటే ఆ నిర్ణయానికి ఏ విలువా ఉండేది కాదు. ముసలి కుక్క మనకు ఆస్తి రాసివ్వదు, ఊళ్లో మన మంచితనం చాటదు, తక్కువ చేసినా ఫిర్యాదు చేయదు. దానికోసం మనం మార్చుకున్న గంటల్లో లాభాపేక్ష కలవదు. ఓర్పును కొలవడానికి అంతకంటే శుద్ధమైన సందర్భం నాకు కనబడదు.

మనుషులకే ఆక్సిజన్ దొరకని రోజుల్లో కుక్క గోలేమిటని కొందరంటారు. కూలి పోయి, పొయ్యి వెలగని ఇంట్లో ఈ మాట అంటే నా దగ్గర జవాబు లేదు, ఉండకూడదు కూడా. కానీ ఈ మాట ఎక్కువగా వినిపించింది తిండికి లోటు లేని ఇళ్లలో. అక్కడ కొరత డబ్బుది కాదు, శ్రద్ధది. ఇంకొకరు, ఇంట్లో ముసలి తల్లిదండ్రులను పట్టించుకోనివాడు కుక్కకు దుప్పటి కప్పితే అది వ్యక్తిత్వమా అంటారు. కాదు. అయితే ఆ తప్పు కుక్కది కాదు. పైగా రెండు పనుల్లో నైపుణ్యం ఒకటే: మెట్టు దగ్గర చెయ్యి అందించడం, చెప్పిన మాటనే విసుక్కోకుండా మళ్లీ చెప్పడం, రాత్రి అకారణంగా లేచి తిరిగేవారిని కసరకుండా ఉండటం. ఇంట్లో ఒకరికోసం అలవాటైన నెమ్మది ఇంకొకరికీ అందుతుంది, చూస్తున్న పిల్లలకూ అబ్బుతుంది. మూడో ఆక్షేపణ భయానిది. కుక్కల నుంచి కోవిడ్ వస్తుందన్న పుకారు పుట్టింది. 2021 మేలో హైదరాబాద్ జూలో ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకిన వార్త ఆ భయాన్ని పెంచి ఉండవచ్చు. కానీ పెంపుడు జంతువులు మనుషులకు ఆ జబ్బును వ్యాపింపజేస్తున్నాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట్లోనే చెప్పింది. ప్రేమతో జరిగే కీడు వేరే ఉంది. అప్పట్లో పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ చాలా ఇళ్లలో ఉండేవి. కుంటుతున్న కుక్కకు సొంతంగా ఆ మాత్రలు వేస్తే దాని కాలేయమో మూత్రపిండాలో దెబ్బతినవచ్చు. పశువైద్యుణ్ణి అడగకుండా మనుషుల మందు ఏదీ వేయకూడదు.

అసలు పరీక్ష లాక్‌డౌన్‌లో జరగలేదు. అప్పుడు అందరికీ తీరిక ఉంది, తీరిక ఉన్నప్పుడు నెమ్మదిగా ఉండటం గొప్ప కాదు. బడులు, కొట్లు, కార్యాలయాలు తెరిచాక రోజు మళ్లీ బిగిసింది. ఏడాదిపాటు ఇంటినిండా మనుషులకు అలవాటుపడ్డ ముసలి ప్రాణి ఒక్కసారిగా ఒంటరిదైంది. అప్పుడు కూడా పొద్దున అరగంట దానికి మిగిల్చినవారే ఆ నెమ్మదిని నిజంగా నేర్చుకున్నవారు. మిగిల్చలేనివారిలో కొందరు దాన్ని ఊరి చివర వదిలేసి వస్తారు. వీధికుక్కల బెడద గురించి మళ్లీ వాళ్లే మాట్లాడతారు! కారణం లేకుండా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటిసారి నేరానికి ఆ చట్టం వేసే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల వరకే. కాబట్టి ఈ విషయంలో మనల్ని ఆపేది చట్టం కాదు. ఇంటికి కుక్కపిల్లను తేవాలనుకుంటున్నవారికి నా మనవి ఒక్కటే. అది పదేళ్లదయ్యాక పొద్దున్నే ఎవరు నడిపిస్తారు, మెట్ల మీద ఎవరు ఎత్తి దింపుతారు, పశువుల ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు అన్నది పిల్లను తేకముందే ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. పేర్లు తేలకపోతే తేవద్దు.