స్త్రీల ఫుట్‌బాల్ లీగు: ఒక యేటి పోటీల పాఠము

సాయంకాలము బడి విడువగానే బాలురు మైదానమున బంతిని తన్నుచుండగా, బాలికలు గట్టుపై నిలిచి చూచుట మన పల్లెలలో అలవాటైన దృశ్యము. ఫుట్‌బాల్ ఆట ఆడపిల్లలకు తగదను మాట ఇంకను వినవచ్చుచునే యున్నది. ఈ మాటలో నిజమెంతయో తెలిసికొనుటకై, మన దేశమున 2025లో జరిగిన స్త్రీల లీగు పోటీలను ఈ పాఠమున పరిశీలింతము.

మొదట లీగు అననేమి? కప్పు పోటీలో ఒక్కసారి ఓడిన జట్టు ఇంటికి మరలవలసినదే. లీగులో అట్లు కాదు. ప్రతి జట్టును తక్కిన ప్రతి జట్టుతో రెండేసి మారులు, ఒకటి తన మైదానమునను, ఒకటి ఎదుటివారి మైదానమునను ఆడును. గెలిచిన 3 పాయింట్లు, సమముగా ముగిసిన 1, ఓడిన సున్న. ఇండియన్ విమెన్స్ లీగు 2024-25 పోటీలలో 8 జట్లుండెను. కనుక ఒక్కొక్క జట్టునకు 14 ఆటలు. మొత్తము 56 ఆటలు.

ఒక లెక్క చూడుడు. ఒక జట్టు 10 ఆటలు గెలిచి 4 ఓడినది. మరియొకటి 9 గెలిచి, 3 సమము చేసికొని, 2 ఓడినది. రెండింటికిని 30 పాయింట్లే. అనగా లీగులో ఒకనాటి మెరుపు చాలదు. నెలల తరబడి నిలకడ కావలయును. చదువును ఇట్టిదే కదా!

ఆ యేడు జనవరిలో ఆరంభమైన పోటీలలో మనకు దగ్గరనున్న బెంగుళూరు నుండి కిక్‌స్టార్ట్ జట్టు కూడ ఆడెను. ఏప్రిల్ 11న, బెంగాలు నందలి కల్యాణి మైదానమున, ఈస్ట్ బెంగాల్ జట్టు అంతకు ముందటి విజేతయైన ఒడిషా జట్టును 1-0తో ఓడించి, ఇంకొక ఆట మిగిలియుండగనే లీగును గెలుచుకొనెను. 67వ నిమిషమున ఆ ఒక్క గోలు చేసినది గుగులోతు సౌమ్య.

ఈమె మన తెలుగు సీమ బిడ్డయే. తెలంగాణములోని నిజామాబాదు జిల్లాలో ఒక తండాకు చెందిన గిరిజన బాలిక. 2022లో క్రొయేషియా దేశమునకు పోయి డైనమో జాగ్రెబ్ జట్టున చేరెను. 2024-25 సంవత్సరమునకు దేశపు ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఈమెను ఎన్నుకొనెను. తండా నుండి జాగ్రెబ్‌కును, కలకత్తాకును పోయిన ఈ బాలికకు ఊరుగాని, భాషగాని అడ్డు కాలేదు. కన్నడ దేశమున తెలుగు చదువుకొనుచున్న మన పిల్లలు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

ఆట తగదనుట కొత్త మాట కాదు. ఇంగ్లండునందు 1920 డిసెంబరు 26న లివర్‌పూల్ నగరమున స్త్రీల ఆటను చూచుటకు సుమారు 53,000 మంది వచ్చిరి. మరుసటి యేడు, అనగా 1921లో, అచ్చటి ఫుట్‌బాల్ సంఘము ఈ ఆట స్త్రీలకు తగదని చెప్పి తన మైదానములను వారికి మూసివేసెను. ఆ నిషేధము సుమారు 50 ఏండ్లు సాగెను. ఆడువారికి శక్తి చాలక ఆట ఆగలేదు. చోటు లేక ఆగినది.

కావున తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. లీగులో ఆడు జట్టు పదునాలుగు ఆటలకు ముందు ఎన్ని దినములు సాధన చేయవలయునో ఆలోచింపుడు. ఆ సాధన బాల్యముననే మొదలు కావలయును. ఇంటిపని అందరు పిల్లలకును సమముగా పంచి, ఆడపిల్లకును సాయంకాలము అరగంట మైదానమున విడువుడు. ప్రతి బాలికయు సౌమ్య కాకపోవచ్చును. కాని ఓడిననాడు మరునాటి ఆటకు సిద్ధమగుట నేర్చుకొనును. ఆ విద్య జీవితమునకంతకును పనికివచ్చును.

బాలికలారా! గట్టు దిగి రండు. బంతి మీదియు గదా!