మనసు జబ్బుకు బిల్లు రాయడం

విద్యార్థి సంఘం వారు ఈ సంచికకు ఏదైనా రాయమన్నారు. కథలూ కవితలూ రాసే మిత్రులు చాలామంది ఉన్నారు. నాకు వచ్చింది పద్దులు రాయడమే. ఈ కాలేజీలోనే బి.కాం. చదివి, ఇప్పుడు ఆమదాలవలసలో ఉంటూ, ఇక్కడా శ్రీకాకుళంలోనూ ఉన్న చిన్న చిన్న ఆస్పత్రులకు లెక్కలు చూస్తున్నాను. అన్నిట్లోకీ చిక్కు పని మనోవ్యాధుల డాక్టర్ల దగ్గరే. జ్వరానికి బిల్లు రాయడానికీ, మనసు జబ్బుకు బిల్లు రాయడానికీ తేడా ఏమిటని మీరు అడగవచ్చు. ఆ తేడాయే ఈ వ్యాసం. సైకాలజీ, లా, కామర్సు, ముగ్గురికీ ఇందులో కొంత పని ఉంది.

మొదట చట్టం సంగతి. మన దేశంలో 1912 నాటి లూనసీ చట్టం చాలా కాలం నడిచింది. తర్వాత 1987లో మానసిక ఆరోగ్య చట్టం వచ్చింది. ఐతే, చట్టం ఉన్నంత మాత్రాన గొలుసులు ఊడిపోలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టివున్న రోగులు కదలలేక 28 మంది చనిపోయారు. ఇప్పుడు అమలులో ఉన్నది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. ఇది 2018 మే 29 నుంచి అమలుకు వచ్చింది. రోగిని గొలుసులతో కట్టడం ఏ రూపంలోనూ పనికిరాదని ఈ చట్టం స్పష్టంగా చెప్పింది.

ఈ చట్టం కింద రిజిస్ట్రేషను ఎవరికి కావాలన్న దగ్గరే చాలామంది తికమక పడతారు. రోగిని చూసి, చీటీ రాసి పంపించేసే డాక్టరు గది ఈ చట్టం చెప్పే 'సంస్థ' కిందికి రాదు. రోగిని చేర్చుకొని ఉంచుకుంటే మాత్రం వస్తుంది. అది అల్లోపతి కావచ్చు, ఆయుర్వేదం కావచ్చు, హోమియో కావచ్చు. అప్పుడు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర నమోదు కావాలి. దరఖాస్తు పెట్టిన 10 రోజుల్లో తాత్కాలిక పత్రం ఇవ్వాలి, అది 12 నెలలు చెల్లుతుంది. నమోదు లేకుండా నడిపితే మొదటిసారి 5,000 నుంచి 50,000 రూపాయలు, రెండోసారి 2 లక్షల దాకా, ఆపైన 5 లక్షల దాకా జరిమానా. తెలిసివుండి అక్కడ పనిచేసే నిపుణుడికి కూడా 25,000 దాకా పడుతుంది. ఇది కాక మన రాష్ట్రంలో ప్రైవేటు అల్లోపతి వైద్యసంస్థలకు 2002 నాటి చట్టం వేరే ఉంది. ఒకటి చేయించాం కదా, రెండోది ఎందుకు అనే యజమానులను నేను చూశాను. ఎందుకంటే చట్టాలు రెండు, అధికారులు ఇద్దరు!

ఇక్కడ సారా మాన్పించే కేంద్రాల మాట చెప్పకుండా ముందుకు పోలేను. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితి కూడా ఈ చట్టం దృష్టిలో మానసిక వ్యాధే. కాబట్టి తాగుడు మాన్పిస్తామని మనిషిని లోపల పెట్టుకొనే ప్రతి కేంద్రమూ నమోదు కావలసిందే. కొన్నిచోట్ల నెలకింత అని గుత్తగా డబ్బు కట్టించుకుంటారు. రసీదు ఉండదు, మందుల లెక్క ఉండదు, మనిషిని పంపమంటే బాకీ తీర్చమంటారు. ఈ ఆఖరి మాట ఏ పద్దులోనూ నిలబడదు. తన ఇష్టంతో చేరిన రోగి 'నేను పోతాను' అంటే పంపించాలి. ప్రమాదం ఉందని డాక్టరుకు అనుమానం వస్తే పరీక్ష కోసం 24 గంటలు మాత్రం ఆపవచ్చు. బాకీ ఉందని ఆపడానికి చట్టంలో ఎక్కడా వీలు లేదు. బాకీ వసూలుకు కోర్టులున్నాయి, తాళంకప్పలు కాదు. తనంతట తాను నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్నవాణ్ణి నామినీ ప్రతినిధి ద్వారా చేర్చుకుంటే, ఆ చేరిక మొదట 30 రోజులకే. ఆ సంగతి సమీక్షా బోర్డుకు 7 రోజుల్లో, స్త్రీలూ మైనర్లూ ఐతే 3 రోజుల్లో తెలపాలి. బిల్లు పుస్తకం పక్కనే ఈ తేదీల పుస్తకం కూడా పెట్టుకోమని నేను ప్రతి చోటా చెబుతుంటాను.

ఇక బీమా. అసలు గొడవంతా ఇందులోనే ఉంది.

ఒకసారి నాగావళి అవతలి ఊరినుంచి ఒక తల్లి వచ్చింది. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. మనసు చెదిరి ఇంటికి వచ్చేశాడు, 9 రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. బీమా పాలసీ ఉంది. బిల్లు దగ్గర ఆవిడ గొంతు తగ్గించి అన్నమాట ఇది: "బాబూ, బుర్రనొప్పని రాసీండి. పిచ్చని రాస్తే ఆడికి పిల్లనెవులిత్తారు?"

"అలా రాయకూడదమ్మా. అబద్ధం బిల్లుకి డబ్బులూ రావు, రేపు ఇంకో డాక్టరు ఆ కాయితం చూసి తప్పు మందిస్తాడు" అన్నాను. "మరేటి సేత్తాం బాబూ, నువ్వే సూడాల" అంది.

చూడవలసింది రెండు సంగతులు. ఒకటి, గుట్టు. 23వ సెక్షను ప్రకారం రోగి జబ్బు వివరాలు రహస్యంగా ఉంచాలి. నామినీ ప్రతినిధికి, చికిత్స చేసే ఇతర వైద్యులకు, కోర్టు ఆజ్ఞాపిస్తే, ఇతరులకు ప్రమాదమైతే, ఇలా కొన్ని మినహాయింపులు ఉన్నాయి. పెళ్ళిళ్ళ పేరయ్య వాటిలో లేడు! బీమా కంపెనీకి మాత్రం రోగ నిర్ణయం తెలియకపోతే క్లెయిము నడవదు. అందుచేత నేను చేసే పద్ధతి ఇది. రోగి చేతిలో పెట్టే రసీదులో గది, సలహా, మందులు అని రుసుముల పద్దు మాత్రం. రోగ నిర్ణయం డిశ్చార్జి కాయితంలో. దాన్ని బీమా వారికి పంపే ముందు రోగి సంతకంతో అనుమతి. ఆఫీసు ద్వారా పంపే పాలసీ ఐతే కవరు అంటించి పంపుతాను.

రెండోది, హక్కు. ఆ క్లెయిమును కంపెనీ వారు 'మానసిక వ్యాధులు పాలసీలో మినహాయింపు' అని తిప్పి పంపారు. 21వ సెక్షను నాలుగో ఉపవిభాగం ఏమంటుందంటే, శరీర వ్యాధులకు ఏ ప్రాతిపదిక మీద బీమా ఇస్తారో మానసిక వ్యాధులకూ అదే ప్రాతిపదిక మీద ఇవ్వాలి. బీమా నియంత్రణ సంస్థ 2018 ఆగస్టులోనే కంపెనీలకు ఈ మాట చెప్పింది. మళ్ళీ 2022లో అక్టోబరు 31లోగా అన్ని పాలసీలూ సరిచేయమని గడువు పెట్టింది. మధ్యలో 2021 ఏప్రిల్లో ఢిల్లీ హైకోర్టు, మానసిక వ్యాధికి విడిగా తక్కువ పరిమితి పెట్టిన పాలసీ కేసులో, చట్టం వచ్చాక ఆ పరిమితి చెల్లదని తేల్చింది. ఈ మూడూ ఉదహరించి ఒక పేజీ ఉత్తరం రాశాం. రెండు నెలలకు డబ్బు వచ్చింది.

ఇంతటితో సంతోషించవద్దు. 'అదే ప్రాతిపదిక' అన్న మాటలోనే మెలిక ఉంది. బీమాలో ఆస్పత్రి అంటే 10 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళో కనీసం 10 మంచాలు ఉండాలి, మామూలుగా 24 గంటలు చేరి ఉండాలి. గుండె ఆపరేషనుకు ఇది సరిపోతుంది. మనసు జబ్బు సంగతి వేరు. నూటికి ఎక్కువమంది అసలు ఆస్పత్రిలో చేరరు. నెలకోసారి డాక్టరు, రోజూ మాత్రలు, వారం వారం మాటల చికిత్స, ఏళ్ళ తరబడి. ఈ ఖర్చుకు చాలా పాలసీలు పైసా ఇవ్వవు. ఆ తల్లికి 9 రోజుల డబ్బు వచ్చింది గాని, తర్వాత నెలనెలా పెట్టే మాత్రల ఖర్చూ, రైలు ఛార్జీలూ తనవే. చట్టం రాసినవారు సమానత్వం ఇచ్చారు గాని కొలబద్ద మార్చలేదని నా అభిప్రాయం.

అమెరికాలో బీమా సమానత్వ చట్టం 2008లో వచ్చింది. మన జిల్లా కుర్రాళ్ళు హైదరాబాదులో రాత్రిపూట కూర్చుని అక్కడి బిల్లులకు కోడ్లు వేస్తున్నారు కనుక మీలో కొందరికి తెలిసే ఉంటుంది. అక్కడ మాటల చికిత్సకు నిమిషాల లెక్క. 38 నుంచి 52 నిమిషాలకు 90834, 52 దాటితే 90837. గడియారం చూసి బాధ కొలవడమేమిటని నవ్వవచ్చు. కాని మాట్లాడటం కూడా చికిత్సే, దానికి వెల ఉంది అని వారు ఒప్పుకొన్నట్టే కదా!

సైకాలజీ విద్యార్థులకు ఒక మాట. ఎం.ఏ. పట్టా ఒక్కటీ చేతిలో పెట్టుకొని 'క్లినికల్ సైకాలజిస్టు' అని బోర్డు కట్టకండి. దానికి 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి రిజిస్టరులో పేరుండాలి. పేరు లేనివారు ఆ పేరుతో రాసిన రసీదును బీమా వారు మొదటి చూపులోనే పక్కన పెడతారు.

రికార్డుల సంగతి త్వరగా చెబుతాను. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం డాక్టరు తన ఫీజు బోర్డు మీద రాసి పెట్టాలి. చేరిన రోగుల రికార్డులు 3 ఏళ్ళు దాచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఆల్‌ప్రజోలామ్, డయాజిపామ్ వంటి మాత్రలు అమ్మితే మందుల షాపువారు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో వేరే రిజిస్టరులో రాసి అదీ 3 ఏళ్ళు ఉంచాలి.

డబ్బు పెట్టలేనివారు ముందుగా ప్రభుత్వాస్పత్రికే వెళ్ళాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి, కార్డు ఉన్నా లేకపోయినా, ప్రభుత్వ మానసిక వైద్యసంస్థల్లో చికిత్స ఉచితమని చట్టమే చెబుతోంది. ఫోనులో సలహా కావాలంటే 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ నంబరు 14416.

ఇక బీమా కంపెనీ క్లెయిము తిప్పి పంపితే ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టవచ్చు. 50 లక్షల దాకా తగాదాలు అక్కడ వింటారు. వకీలు అక్కర్లేదు, రుసుము లేదు. పాలసీ కాపీ, డిశ్చార్జి కాయితం, తిప్పి పంపిన ఉత్తరం, ఈ మూడూ జతచేయాలి.